ట్రంప్, హారిస్ పన్ను హామీల్లో ఎవరి లెక్క నమ్మాలి? (2024 అక్టోబర్, మొదటిసారి ఓటు వేస్తున్నాను)

చెస్టర్‌కౌంటీ_చందు

పోయిన ఏడాది సిటిజన్‌షిప్ వచ్చింది, ఈ నవంబర్ 5న అధ్యక్ష ఎన్నికల్లో మొదటి ఓటు. ఉండేది పెన్సిల్వేనియా కాబట్టి మెయిల్‌బాక్స్ తెరిస్తే కరపత్రాలే కరపత్రాలు. ఒకటేమో హారిస్ వస్తే పన్నులు పెరుగుతాయంటుంది, ఇంకొకటి ట్రంప్ వస్తే సుంకాలతో ఇంటి ఖర్చు పెరుగుతుందంటుంది. రెండూ భయపెట్టేవే, ఒక్కదాంట్లోనూ లెక్క లేదు.

మా ఇద్దరి జీతాలు కలిపి రెండు లక్షల డాలర్ల దాకా ఉంటాయి. ఇద్దరు పిల్లలు, ఇంటి లోన్. ఇమిగ్రేషన్ గొడవ ఇక్కడ వద్దు, దానికి వేరే త్రెడ్‌లు చాలా ఉన్నాయి. నాకు కావలసింది ఒకటే. డబ్బు విషయంలో ఈ ఇద్దరిలో ఎవరి మాట నిలబడుతుంది, ఎందుకు? పార్టీ అభిమానం పక్కన పెట్టి చెప్పండి.

ఫ్రిస్కో_మామ

ట్రంప్. 2017 పన్ను చట్టం వచ్చాక నా చేతికొచ్చే జీతం పెరిగింది, అది పేస్టబ్‌లో కళ్ళారా చూశాను. స్టాండర్డ్ డిడక్షన్, అంటే పన్ను లెక్కకు ముందే ఆదాయంలోంచి తీసేసే నిర్ణీత మొత్తం, దాదాపు రెట్టింపైంది. అప్పట్లో ధరలు అదుపులో ఉండేవి. తర్వాత ఏమైంది? 2022 జూన్‌లో ఇన్‌ఫ్లేషన్ 9.1 శాతం. గుడ్లు, బియ్యం, అద్దె, కారు ఇన్సూరెన్స్, ఏదీ వదల్లేదు. అప్పుడు ఉపాధ్యక్షురాలు ఎవరు? బైడెన్ కంటే వేరుగా ఏం చేసేవారని ఈ మధ్యే టీవీ షోలో అడిగితే హారిస్ గారికి ఏమీ తోచలేదు. ఇంకేం నమ్ముతాం?

కొల్లేరు_కొంగ

మామా, బియ్యం ధర కూడా బైడెన్ ఖాతాలోనేనా? 2023 జూలైలో ఇండియా ఎగుమతులు ఆపగానే స్టోర్ల ముందు క్యూలు కట్టి సోనామసూరి బస్తాలు మోసుకెళ్ళింది మనవాళ్ళే. ఆ నిషేధం మొన్న సెప్టెంబర్ చివర్లో తీశారు. మా బావగారి గరాజ్‌లో బస్తాలు ఇంకా ఉన్నాయి, పెళ్ళిభోజనాలకు సరిపోతాయి.

ఫ్రిస్కో_మామ

బియ్యం సంగతి ఒప్పుకుంటాను. అద్దె, ఇన్సూరెన్స్ సంగతి చెప్పు మరి.

ఎడిసన్_సుబ్బు

ఆ 2017 చట్టాన్ని ఇంతలా పొగుడుతుంటే ఊరుకోలేకపోతున్నాను. మామ ఉండేది టెక్సస్, స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు. నేను న్యూజెర్సీ. ఇంటి పన్ను ఏడాదికి 16 వేలు, దాని మీద స్టేట్ టాక్స్. అంతకుముందు ఈ రెండూ కలిపి ఫెడరల్ ఆదాయంలోంచి తీసేసుకునేవాళ్ళం. ఆ చట్టం వచ్చాక ఎంత కట్టినా 10 వేలకు మించి తీసుకోవడానికి లేదు. జంటకైనా అదే 10 వేలు, ఒంటరివాడికైనా అదే. అది సంతకం పెట్టిన మనిషే మొన్న సెప్టెంబర్‌లో పాత పద్ధతి మళ్ళీ తెస్తానంటున్నాడు. ఎవరు పెట్టిన పరిమితిని ఎవరు తీస్తానంటున్నట్టు?

లెక్కల_లలిత

పన్ను రిటర్నులు చెయ్యడమే నా పని, కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

సుబ్బు గారి బాధ నిజమే, కానీ సగమే. ఆ ఆదాయ స్థాయిలో 2017 ముందు చాలామందికి ఏఎంటీ (చాలా మినహాయింపులు ఒప్పుకోకుండా వేరే లెక్కలో వేసే కనీస పన్ను) పడేది. అందులో స్టేట్ టాక్స్, ఇంటి పన్ను డిడక్షన్ చెల్లదు. అంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కునేవారు. 2018 నుంచి ఏఎంటీ చాలామందికి తప్పింది.

చందు గారి విషయానికొస్తే, మీ ఇంటికి ఆ చట్టంలో ఎక్కువ పనికొచ్చింది చైల్డ్ టాక్స్ క్రెడిట్, అంటే పిల్లల పేరున కట్టాల్సిన పన్నులోంచి తగ్గించే మొత్తం. 2017 దాకా పిల్లకు 1,000 డాలర్లు ఉండేది, అదీ జంట ఆదాయం లక్షా పది వేలు దాటితే కరిగిపోవడం మొదలయ్యేది. రెండు లక్షల దగ్గర ఇద్దరు పిల్లలకు వచ్చేది సున్నా. 2018 నుంచి పిల్లకు 2,000, కరగడం మొదలయ్యేది 4 లక్షల దగ్గర. అంటే మీకు ఏడాదికి 4,000. అయితే మనిషికి 4,050 చొప్పున ఉండే పర్సనల్ ఎగ్జెంప్షన్లు (పన్ను పడని ఆదాయం) పోయాయి, దాన్నీ లెక్కలో వేసుకోవాలి. అన్నీ కలిపి చూసినా మీలాంటి కుటుంబానికి పన్ను తగ్గింది.

అసలు మెలిక గడువు దగ్గర ఉంది. వ్యక్తులకిచ్చిన ఈ తగ్గింపులన్నీ 2017 చట్టం ప్రకారం 2025 డిసెంబర్ 31తో పోతాయి. కంపెనీల పన్నును 35 నుంచి 21 శాతానికి దించారు చూడండి, దానికి మాత్రం గడువు లేదు. ఎవరు గెలిచినా వచ్చే ఏడాది పెద్ద పని ఇదే. ట్రంప్ అన్నీ పొడిగిస్తానంటున్నారు. హారిస్ 4 లక్షల లోపు వాళ్ళకు పెంచనంటున్నారు. కాబట్టి ఇద్దరు చెప్పే మాట ప్రకారం మీ ఇన్‌కమ్ టాక్స్ పెరగకూడదు. మీకొచ్చిన మొదటి కరపత్రం మీ ఇంటికి వర్తించదు.

ఎడిసన్_సుబ్బు

లలిత గారూ, ఏఎంటీ పడేది, కాదనను. అది పోయాక కూడా 2018లో అంతకుముందుకంటే ఎక్కువే కట్టాను. రెండు రిటర్నులూ దాచిపెట్టుకున్నాను.

లెక్కల_లలిత

నమ్ముతాను. ఆ చట్టంతో మొదటి ఏడాది నూటికి 80 మందికి పన్ను తగ్గింది, దాదాపు ఐదుగురికి పెరిగింది అని టాక్స్ పాలసీ సెంటర్ అనే పరిశోధన సంస్థ లెక్క. మా క్లయింట్లలో ఆ ఐదుగురి కోవలోకి వచ్చేవాళ్ళు ఎక్కువగా న్యూజెర్సీ, కాలిఫోర్నియా వాళ్ళే.

నల్గొండ_పోరడు

అంటే నూటికి 80 మందికి మేలు. ఇంకేం చర్చ భయ్యా, క్లోజ్ చేయండి.

ఓవర్‌ల్యాండ్_పార్క్

అప్పుడే క్లోజ్ చేయకండి. తగ్గించడం తేలికే, ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారన్నదే కష్టం. మాది కాన్సస్, ఆ పాఠం మేం చదివాం. 2012లో గవర్నర్ బ్రౌన్‌బ్యాక్ రాష్ట్ర ఆదాయపు పన్ను బాగా తగ్గించి, ఎల్ఎల్సీ లాంటి వ్యాపారాల ఆదాయానికి పూర్తిగా ఎత్తేశారు. నాకు తెలిసిన కన్సల్టెంట్లు ఎల్ఎల్సీలు పెట్టేసుకున్నారు. ఎదుగుదల వచ్చి ఖజానా నిండుతుందన్నారు, నిండలేదు. 2015లో కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు డబ్బు లేక సెలవులు ముందే ఇచ్చాయి. అదే ఏడాది సేల్స్ టాక్స్ 6.5 శాతానికి పెంచారు, అది పాలు, కూరగాయల మీద కూడా పడింది. చివరికి 2017లో రిపబ్లికన్ల చేతిలో ఉన్న అసెంబ్లీయే గవర్నర్ వీటోను తోసిపుచ్చి ఆ తగ్గింపులు వెనక్కి తీసుకుంది.

నేను రిజిస్టర్డ్ రిపబ్లికన్‌నే. అందుకే పన్ను తగ్గిస్తామని ఎవరన్నా ఇప్పుడు రెండో ప్రశ్న అడుగుతాను.

ఫ్రిస్కో_మామ

రాష్ట్రం వేరు, దేశం వేరు. వాషింగ్టన్ అప్పు చెయ్యగలదు, మీ కాన్సస్ రాజధాని టొపీకా చెయ్యలేదు.

ఓవర్‌ల్యాండ్_పార్క్

చేస్తూనే ఉంది కదా. ఈ జూలైలో అప్పు 35 ట్రిలియన్ డాలర్లు (35 లక్షల కోట్లు) దాటింది. ఈ ఏడాది వడ్డీకి పోయింది రక్షణ ఖర్చు కంటే ఎక్కువ.

చెస్టర్‌కౌంటీ_చందు

నేను అడగాలనుకున్నది ఇదే. ఇద్దరి హామీలకు ఎంత ఖర్చవుతుందో ఎవరైనా లెక్క వేశారా?

లెక్కల_లలిత

వేశారు. బడ్జెట్ లోటు మీద పనిచేసే సీఆర్ఎఫ్‌బీ అనే సంస్థ అక్టోబర్ 7న ఇచ్చింది. పదేళ్ళలో ఇప్పటి అంచనాల మీద అప్పు హారిస్ హామీలతో 3.5 ట్రిలియన్లు, ట్రంప్ హామీలతో 7.5 ట్రిలియన్లు పెరుగుతుందని వాళ్ళ మధ్యస్థ అంచనా. ట్రంప్ లెక్కలో సుంకాల రాబడి కలిపాకే ఆ అంకె. ఇద్దరికీ పై అంచనా, కింది అంచనా చాలా దూరంగా ఉన్నాయి, కాబట్టి దాన్ని రాతిమీద గీతలా తీసుకోవద్దు. ఇద్దరూ అప్పు పెంచేవాళ్ళే, ఒకరు రెట్టింపుకు పైగా.

ఫ్రిస్కో_మామ

అంచనాలు! 2021లో నోబెల్ వచ్చినవాళ్ళు చాలామంది బైడెన్ ప్లాన్ ఇన్‌ఫ్లేషన్ ఒత్తిడి తగ్గిస్తుందని ఉత్తరం రాశారు. ఏమైందో చూశాం. ఈ జూన్‌లో 16 మంది నోబెల్ వాళ్ళు ట్రంప్ వస్తే ఇన్‌ఫ్లేషన్ వస్తుందని మళ్ళీ ఉత్తరం. వాళ్ళు కూరగాయలు కొనరనుకుంటా.

ట్రాయ్_మూర్తి

రీగన్ కాలంలో చదువుకోవడానికి వచ్చినవాణ్ణి, అప్పటినుంచి ఎన్నికలు చూస్తున్నాను. రెండు మాటలు చెప్పనివ్వండి.

1988లో పెద్ద బుష్ కొత్త పన్నులు వెయ్యనని పార్టీ సభలో గట్టిగా మాటిచ్చారు. దేశమంతా ఆ మాట చెప్పుకుంది. 1990లో లోటు పెరిగి, కాంగ్రెస్ డెమోక్రాట్ల చేతిలో ఉండి, బేరం కుదుర్చుకోక తప్పలేదు. పన్నులు పెంచారు. 1992లో ఓడిపోయారు. ఆయన అబద్ధమాడారని అప్పట్లో నేనూ కోప్పడ్డవాణ్ణే. కానీ అసలు సంగతేమిటంటే పన్ను చట్టం అధ్యక్షుడి జేబులో ఉండదు. రాబడి బిల్లు ప్రతినిధుల సభలో పుట్టాలి, సెనెట్ దాటాలి, ఆ తర్వాతే ఆయన సంతకం. 1986లో రీగన్ పెద్ద సంస్కరణ తెచ్చి పై శ్లాబు 50 నుంచి 28కి దించగలిగారంటే రెండు పార్టీలూ కలిసి కూర్చుని, మినహాయింపులు కోసేశారు కాబట్టి. ఇప్పుడు ఇద్దరూ మినహాయింపులు కోయడం కాదు, కొత్తవి పంచుతున్నారు. టిప్పులకు పన్ను లేదని ఇద్దరూ అన్నారు. ట్రంప్ అయితే ఓవర్‌టైమ్‌కి లేదు, సోషల్ సెక్యూరిటీకి లేదు, మొన్న మా డెట్రాయిట్‌కి వచ్చి కారు లోన్ వడ్డీకి కూడా మినహాయింపు అన్నారు. ఇది సంస్కరణ అంటే నేను ఒప్పుకోను.

సుంకాల సంగతి వేరు. వాటికి కాంగ్రెస్ ఓటు అక్కర్లేదు. 2018లో స్టీలు మీద 25, అల్యూమినియం మీద 10 శాతం వేసింది పాత చట్టాలిచ్చిన అధికారంతోనే. కాబట్టి చందూ, ట్రంప్ చెప్పినవాటిలో తప్పకుండా జరిగేదేమిటంటే సుంకాలు అంటాను. అన్ని దేశాల సరుకు మీద 10 నుంచి 20, చైనా మీద 60 అంటున్నారు. మిగతావి ఎవరివైనా సరే, సభలో ఎవరికి మెజారిటీ వస్తే వాళ్ళ దయ.

నల్గొండ_పోరడు

మూర్తి సార్, ట్రంప్ వేసిన చైనా సుంకాలు బైడెన్ తీసెయ్యలేదు కదా? ఎలక్ట్రిక్ కార్ల మీద ఏకంగా 100 శాతం చేశాడు. తప్పైతే ఎందుకు ఉంచాడు?

ఇత్తడి_బిందె

దీనికి నేను చెప్తాను. స్టీలు గిన్నెలు, పూజా సామాను, ఇత్తడి దీపాలు ఇండియానుంచి తెప్పించి స్టోర్లకు ఇస్తాను. కంటెయినర్ నెవార్క్ రేవులో దిగగానే కస్టమ్స్ బ్రోకర్ ఎంట్రీ ఫైల్ చేస్తాడు, సుంకం నా బాండ్ మీద, నా అకౌంట్‌లోంచి పోతుంది. మొరాదాబాద్‌లో అమ్మినవాడు పైసా కట్టడు. సుంకం చైనా కడుతుంది, ఇండియా కడుతుంది అని సభల్లో చెప్తుంటే ఆ రసీదు ఫ్రేము కట్టించి పంపాలనిపిస్తుంది.

సుంకం పెరిగితే నా ముందు మూడు దారులు. అమ్మేవాణ్ణి తగ్గించమని బతిమాలడం, నా లాభం కోసుకోవడం, ధర పెంచడం. మొదటిది కొంచెం జరుగుతుంది, రెండోది ఒక ఏడాది, ఆ తర్వాత మూడోదే. దీపావళికి దీపాలు కొన్నవాళ్ళే కడతారు.

కొల్లేరు_కొంగ

అందుకేనా పోయినసారి కుంది రేటు అంత చెప్పావు?

ఇత్తడి_బిందె

అది కంటెయినర్ అద్దె కొంగా, కొత్త సుంకం ఇంకా రాలేదు. ఇప్పుడే కొనుక్కో.

లెక్కల_లలిత

బిందె గారు చెప్పినదానికి ఒక ఉదాహరణ. 2018లో దిగుమతి వాషింగ్ మెషిన్ల మీద సుంకం వేశారు. తర్వాత పరిశోధకులు లెక్క చూస్తే వాషర్ ధర 86 డాలర్లు, డ్రయర్ ధర 92 డాలర్లు పెరిగాయి. డ్రయర్ మీద సుంకమే లేదు. రెండూ జతగా కొంటారు కాబట్టి రెండూ పెంచేశారు. దాదాపు 1,800 ఉద్యోగాలు వచ్చాయి. ఒక్కో ఉద్యోగానికి కొనేవాళ్ళ మీద పడిన భారం ఏడాదికి 8 లక్షల డాలర్లకు పైమాటే.

ట్రాయ్_మూర్తి

పోరడి ప్రశ్నను కొట్టిపారెయ్యకండి. మా మిషిగన్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డ ఊళ్ళకు వెళ్ళి ఈ 86 డాలర్ల లెక్క చెప్తే తలుపు వేసేస్తారు. ఉద్యోగం పోయిన మనిషి చౌక వాషర్‌తో ఏం చేసుకుంటాడు? బైడెన్ ఆ సుంకాలు ఉంచడానికి కారణం అదే. చైనా మీద, ఎంచుకున్న సరుకు మీద వేస్తే అర్థముంది. అన్ని దేశాల మీద, అన్ని సరుకుల మీద వేస్తానంటేనే నాకు భయం.

చార్లెట్_వంటిల్లు

టిప్పుల మాట ఎవరూ ఎత్తలేదు. మా రెస్టారెంట్లో రాత్రి పదకొండింటికి కార్డు టిప్పులు లెక్కేసి వెయిటర్లకు పంచుతాం. బల్ల దగ్గర నిలబడ్డవాడికి టిప్పు, లోపల పొయ్యి దగ్గర దోసెలు వేసేవాడికి జీతం. ఇద్దరూ నెలకు ఇంచుమించు ఒకటే సంపాదిస్తారు. రేపు ఒకరికి పన్ను ఉండదు, ఇంకొకరికి ఉంటుంది. ఇదేం న్యాయం? ట్రంప్ లాస్ వేగస్‌లో అన్నారు, రెండు నెలలకు హారిస్ కూడా అక్కడే అన్నారు. నెవాడా ఓట్ల కోసం పెట్టిన పన్ను మినహాయింపు ఇది.

లెక్కల_లలిత

పైగా టిప్పులు తీసుకునేవాళ్ళలో మూడో వంతుకు పైగా మందికి ఇప్పటికే ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ పడదు, సంపాదన అంత తక్కువ కాబట్టి. వాళ్ళకు దీనివల్ల వచ్చేదేమీ లేదు.

నర్స్_రమ

ఓవర్‌టైమ్ మీద పన్ను తీసేస్తే మాత్రం నేను కాదనను. పన్నెండు గంటల షిఫ్ట్ మీద అదనపు షిఫ్ట్ చేస్తే వచ్చే డబ్బులో ఎంత పోతుందో స్టబ్ చూసి ఏడుపొస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఓవర్‌టైమే లేదు కాబట్టి మీకు ఈ బాధ తెలియదు. లెక్కలు, న్యాయాలు అన్నీ మాట్లాడుతున్నారు కానీ ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించిన డబ్బుకు కాస్త మర్యాద ఇస్తామన్నది ట్రంప్ ఒక్కడే.

చార్లెట్_వంటిల్లు

అక్కా, మీ కష్టం తక్కువ చెయ్యను. మా దోసెల మాస్టర్‌కి కూడా ఆ మర్యాద దక్కాలంటున్నాను.

ఎచ్1బీ_ఎదురుచూపు

ఓటు లేదు, అయినా ఒక మాట. లలిత గారు మెచ్చుకున్న 2,000 క్రెడిట్‌కి 2018 నుంచి పిల్లకు సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండాలన్న షరతు పెట్టారు. మా పెద్దమ్మాయి హైదరాబాద్‌లో పుట్టింది, ఎచ్4 (ఎచ్1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంది, ఐటీఐఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్ రానివాళ్ళకిచ్చే పన్ను నంబర్) మాత్రమే ఉంది. దానికి 500. చిన్నవాడు ఇక్కడ పుట్టాడు, వాడికి 2,000. ఒకే ఇంట్లో, ఒకే స్కూల్లో, అదే జీతం మీద కట్టే అదే పన్నుతో. అంతకుముందు ఐటీఐఎన్ పిల్లలకు కూడా క్రెడిట్ ఇచ్చేవారు. హారిస్ పుట్టిన ఏడాది 6,000 అంటున్నారు, ట్రంప్‌తో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న వాన్స్ గారు 5,000 అన్నారు. ఈ షరతు గురించి మాత్రం ఇద్దరూ నోరు విప్పలేదు. ఓటున్నవాళ్ళు దీన్ని మీ కాంగ్రెస్ సభ్యులను అడగండి, దయచేసి.

కొల్లేరు_కొంగ

వాన్స్ గారంటే గుర్తొచ్చింది, వడ్లూరు అల్లుడని మా పశ్చిమగోదావరి వాట్సాప్ గ్రూపులో ఓట్లన్నీ అటే అంటున్నారు. అందులో సగంమందికి ఇక్కడ ఓటే లేదు, భీమవరంలో ఉంటారు.

కన్సల్టింగ్_కిరణ్

అల్లుడి మాట వచ్చింది కాబట్టి నా గోడు వినండి. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, సొంత ప్రాడక్ట్. 2022 నుంచి సెక్షన్ 174 మమ్మల్ని తినేస్తోంది. తెలియనివాళ్ళకు చెప్తాను. కంపెనీకి 10 లక్షల డాలర్లు వచ్చాయి, డెవలపర్ల జీతాలకు 9 లక్షలు పోయాయి అనుకోండి. లాభం లక్ష. కానీ ఆ జీతాలను ఐదేళ్ళకు పంచి చూపించాలి, మొదటి ఏడాది పదో వంతే, అంటే 90 వేలే ఖర్చు కింద ఒప్పుకుంటారు. కాగితం మీద లాభం 9 లక్షల 10 వేలు. దాని మీద 21 శాతం అంటే లక్షా 91 వేలు. చేతిలో లక్ష ఉంటే లక్షా 91 వేలు ఎక్కడినుంచి కట్టాలి? మాధాపూర్ టీమ్ జీతాలైతే ఏకంగా పదిహేనేళ్ళకు పంచాలి.

ఇది పెట్టింది 2017 చట్టమే, కార్పొరేట్ పన్ను తగ్గించాక రాబడి లెక్క సరిపెట్టడానికి. దీన్ని సరిచేసే బిల్లు ఈ జనవరి 31న హౌస్‌లో (ప్రతినిధుల సభలో) 357-70తో పాసైంది, రెండు పార్టీలూ వేశాయి. అందులో చైల్డ్ క్రెడిట్ పెంపు కూడా ఉంది. ఆగస్టు 1న సెనెట్‌లో 60 ఓట్లు రాక ఆగిపోయింది, అడ్డుకున్నది ఎక్కువగా రిపబ్లికన్లే. 5,000 క్రెడిట్ కావాలన్న వాన్స్ గారు ఆ ఓటింగ్‌కి రానేలేదు. నేను ఇద్దరు ఇంజినీర్లను పంపించేశాను. కాబట్టి వ్యాపారులకు మేలు చేసే పార్టీ ఏదని నన్నెవరూ అడగొద్దు.

ఫ్రిస్కో_మామ

కిరణ్, నీ కష్టం అర్థమైంది. కానీ హారిస్ కంపెనీ పన్నును 28 శాతానికి పెంచుతానంటున్నారు. అప్పుడు నీ లక్షా 91 వేలు ఇంకా పెరుగుతుంది కదా? ఇల్లు కొనేవాళ్ళకు 25 వేలు ఇస్తామంటున్నారు, ఇళ్ళు లేని చోట డబ్బిస్తే ఇంటి ధర 25 వేలు పెరుగుతుంది, అంతే. సరుకుల ధరల మీద ఫెడరల్ కట్టడి అట. మన చిన్నప్పటి రేషన్ షాపు రోజులు చూసినవాళ్ళకు అది ఎలా ముగుస్తుందో తెలుసు.

కన్సల్టింగ్_కిరణ్

28 శాతానికి నేనూ వ్యతిరేకమే మామా. కొత్త వ్యాపారానికి మొదటి ఖర్చుల డిడక్షన్ 5 వేలనుంచి 50 వేలు చేస్తానన్నారు, అది మంచి మాట. అయితే 174 సరిచెయ్యకుండా అది ఇచ్చి లాభం లేదు.

ఓవర్‌ల్యాండ్_పార్క్

ఇంటి 25 వేల విషయంలో మామతో నేను ఏకీభవిస్తాను. కాకపోతే ఇన్‌ఫ్లేషన్ రేటు 9.1 దగ్గర ఆగిపోలేదు, సెప్టెంబర్‌కి 2.4కి దిగింది. ధరలు దిగలేదు, పెరిగే వేగం దిగింది. ఆ తేడా చెప్పకుండా ఒక పార్టీ గొప్పలు, ఇంకో పార్టీ శాపనార్థాలు. ఇంకోటి, 2016లో ఎనిమిదేళ్ళలో దేశం అప్పు తీర్చేస్తానన్న మనిషి నాలుగేళ్ళలో దాదాపు 8 ట్రిలియన్లు పెంచి వెళ్ళారు. కోవిడ్ ఉంది, నిజమే. కోవిడ్‌కి ముందు కూడా లోటు పెరుగుతూనే ఉంది.

చెస్టర్‌కౌంటీ_చందు

అందరికీ థాంక్స్. ఇదంతా చదివాక నాకు అర్థమైంది, ఎవరికి వేస్తానో ఇక్కడ చెప్పను, మామ ఊరుకోడు. ఒకటి అడుగుతాను. మూర్తి గారు చెప్పినట్టు 2025లో పన్ను చట్టం రాసేది హౌస్ అయితే, నా బ్యాలెట్‌లో హౌస్ సీటు కూడా ఉంది. ఆ అభ్యర్థులిద్దరూ గడువు అయిపోయే తగ్గింపుల గురించి ఏమంటున్నారో ఎక్కడ చూడాలి? కరపత్రాల్లో వాళ్ళ పేర్లు కూడా సరిగా లేవు.

ట్రాయ్_మూర్తి

మంచి ప్రశ్న. ఇప్పుడున్న సభ్యుడు ఆ జనవరి 31 బిల్లుకి ఎటు వేశారో హౌస్ వెబ్‌సైట్‌లో రోల్‌కాల్ ఉంటుంది, చూడు. పోటీలో ఉన్నవాళ్ళకు ఫోన్ చెయ్యి. ఎన్నికల ముందు ఫోన్ ఎత్తుతారు. సాల్ట్ పరిమితి (సుబ్బు చెప్పిన ఆ 10 వేలది), చైల్డ్ క్రెడిట్, ఆ ఎచ్4 పాప సంగతి, మూడూ అడుగు.

నర్స్_రమ

పెన్సిల్వేనియాలో ఇంకా రిజిస్టర్ చేసుకోని మనవాళ్ళుంటే అక్టోబర్ 21 ఆఖరు. మెయిల్ బ్యాలెట్ అడగడానికి 29 దాకా టైముంది. షిఫ్ట్‌ల్లో ఉండేవాళ్ళు ఇప్పుడే పెట్టెయ్యండి.

ఫ్రిస్కో_మామ

చందూ, ఎవరికి వేసినా ఫోన్ చెయ్యి, తిట్టను. రెండు నిమిషాలు వాదిస్తాను అంతే.

కన్సల్టింగ్_కిరణ్

లలిత గారూ, త్రెడ్ దారి మళ్ళిస్తున్నందుకు ఏమీ అనుకోకండి. 174 సవరణ వస్తుందన్న ఆశతో నాలుగో క్వార్టర్ ఎస్టిమేటెడ్ టాక్స్ (అంచనా వేసి ముందుగా కట్టే పన్ను) తగ్గించి కట్టొచ్చా?

లెక్కల_లలిత

వద్దు. కంపెనీకి డిసెంబర్ 16 గడువు, ఇప్పుడున్న చట్టం ప్రకారమే కట్టండి. పాస్ కాని బిల్లుని నమ్ముకుని తక్కువ కడితే పెనాల్టీ మీ మీద పడుతుంది, సెనెటర్ మీద కాదు. మీ 2022, 2023 ఫైళ్ళు నాకు పంపండి, ఏయే జీతాలు నిజంగా 174 కిందికి వస్తాయో ఒకసారి విడదీసి చూద్దాం. సపోర్ట్ టీమ్‌ని కూడా అందులో కలిపేశారేమో అని నా అనుమానం.